ఏడో దెబ్బ

…కాళ్లతోనే వాయిస్తాడు వీడు, చేతులు మర్యాద కోసం కదులుతుంటాయంతే, రెండు పాదాలూ కుట్టుమిషను తొక్కినట్టు ఆ పెద్ద డ్రమ్ము మీద ఆగకుండా నడుస్తుంటాయి, ఒక దెబ్బ ఎక్కువ లేదు ఇంకోటి తక్కువ లేదు, అన్నీ అచ్చులో పోసిన ఇటుకలే, ఇటుక మీద ఇటుక పేర్చి గోడ కట్టడమే గొప్పనుకునే రోజులొచ్చాయి మరి, అనుకుంది స్లావికా, వేదిక పక్కన మానిటర్ డెస్క్ దగ్గర నిలబడి, నెత్తిన ఫిబ్రవరి ఎండ, ఇక్కడ నడివేసవి, ముక్కు మాడకుండా రాసుకున్న తెల్లటి జింక్ క్రీము, పోర్ట్ కెంబ్లా ఉక్కు కార్ఖానా చిమ్నీల మీదుగా వచ్చే గాలిలో ఉప్పూ బొగ్గూ కలిసిన వాసన, ఎదురుగా డెక్లన్, గేట్ నైన్ బ్యాండు డ్రమ్మరు, ఒకప్పుడు తను కూర్చున్న పీట మీద ఇప్పుడు కూర్చున్నవాడు, ఎలా కూర్చున్నాడో చూడు, వాళ్ల తాత ఆస్తి అన్నట్టు.

పెర్త్‌లో ఒకాయన ఉన్నాడు, ఆయన వాయించేదానికంటే వాయించకుండా వదిలేసేదే ఎక్కువ, ఇదిగో దెబ్బ పడుతుందని మెడ చాచి ఎదురుచూస్తాం, పడదు, ఆ పడకపోవడమే పాటవుతుంది, బ్రిస్బేన్ కుర్రాడొకడు కుడిచేత్తో అయిదూ ఎడమచేత్తో ఏడూ లెక్కపెడుతూ పరీక్ష రాస్తున్న మొహంతో వాయిస్తాడు, వాడి లెక్క ఎన్నడూ తప్పదు, వినేవాడి ఒళ్లు ఎన్నడూ ఊగదు, హోబర్ట్ ఆవిడ సింబల్స్ మీద, ఆ ఇత్తడి పళ్లేల మీద, సన్నటి వాన కురిపించి కురిపించి ఉన్నట్టుండి పిడుగు వేస్తుంది, ఇక తను, తను గొణుగుతుంది, గొణిగేది అనాలి, పైకి వినబడే రెండు దెబ్బల మధ్య స్నేర్ డ్రమ్ము మీద స్టిక్ కొసతో సణిగినట్టు చిన్న చిన్న తాకుళ్లు, షిఫ్టు దిగొచ్చిన నాన్న గోడ అవతల అమ్మతో మాసిడోనియా భాషలో పోట్లాడుతుంటే మాటలు సరిగ్గా అందకపోయినా కోపం అందేది కదా, అలాగన్నమాట, వీడికి ఆ గొణుగుడే లేదు, ఉత్త గోడ, ఆ గోడలో కూడా ఒక ఇటుక ముందుకి పొడుచుకొచ్చింది, ఏడు లెక్కల వరసలో ఏడోది, అక్కడ మాత్రం కాలు దబ్బున దించుతున్నాడు, రుచి తెలియని మొద్దు, సరిగ్గా ఆ చోటే తను అన్నిటికంటే మెల్లగా, పక్కన పసిపిల్ల నిద్రపోతున్నట్టు తాకేది, ఆ తేడా తెలిసినవాళ్లు ఈ జనంలో ఎంతమంది ఉంటారు, నల్ల చొక్కాలు వేసుకుని తలలూపడమే తప్ప.

ఈ డెస్క్ మీద ఎవరి చెవిలో ఏం వినబడాలో తేల్చేది తనే, పాటగాడికి వాడి గొంతు, బేస్ వాయించేవాడికి కాలి డ్రమ్ము, డెక్లన్‌కి క్లిక్, అంటే చెవిలో టక్ టక్‌మంటూ వేగం తప్పనివ్వని చప్పుడు, వాడికి తప్ప ఇంకెవరికీ వినబడదు, వాడి పాదాలు దాని వేలు పట్టుకునే నడుస్తున్నాయి, దానికొక మీట, ఫేడర్ అంటారు, తన చూపుడువేలు పొద్దున్నుంచీ దాని చుట్టూనే తిరుగుతోంది, కిందికి లాగితే చాలు, నడిరోడ్డు మీద పిల్లాడి చెయ్యి వదిలేసినట్టే, ఇంతమంది చూస్తుండగా, ఆ ఊహకే నోరూరింది, సిగ్గేమీ వెయ్యలేదు, ఎందుకెయ్యాలి, తనని ఆ పీట మీంచి దింపినప్పుడు ఎవరు సిగ్గుపడ్డారు గనక, ఈ పాట కానీ, తరవాతిది మూడో పాట, దాని మధ్యలో పాటగాడూ బేసూ ఆగిపోయి గిటారూ డ్రమ్సూ మాత్రమే మిగిలే చోటుంది, తన పరువు పోయింది అక్కడే, వీడిదీ అక్కడే పోవాలి, అంతే, ఎక్కువేమీ అడగట్లేదు.

పొద్దున ఫెర్గస్ గిటారు పెట్టె మోసుకుంటూ వచ్చి, తనని చూసి ఒక్క క్షణం ఆగి, తరవాత పళ్లికిలించి, అరె స్లావ్, నువ్వా, ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నావుటే, పాతవన్నీ మనసులో పెట్టుకోలేదు కదా అన్నాడు, పెట్టుకోడానికేముందిలే అంది తను, నీ చెవిలోకి కూడా క్లిక్ పంపమంటావా అని అడిగింది, అడగడం ఉద్యోగం కాబట్టి, నాకెందుకే ఆ టకటక, టైము నా రక్తంలోనే ఉంది అన్నాడు, ఎప్పుడూ అదే కోత, చేతిలో సాసేజ్ పెట్టిన బ్రెడ్డు, మూతి పక్కన టమాటా సాస్, ఆ మూతితోనే కదా అన్నాడు ఆ రోజు పబ్బులో, బ్యాండందరి ముందూ, స్లావ్ చేతులు బంగారంరా, కాదన్ను, కానీ పరిగెడుతుంది, కళ్లెం తెంపిన గుర్రం, మూడో పాట మధ్యలో మనందర్నీ ఈడ్చుకుపోతుంది, ఎన్నాళ్లని దీని వెనకాల ఉరుకుతాం, అని, బేస్ వాయించేవాడు బీరు గ్లాసులోకి చూశాడు, పాటగాడు ఫోన్లోకి చూశాడు, తను మాత్రం ఫెర్గస్ మొహంలోకే చూసింది, నిజమేనేమో అనిపించింది, ఇప్పటికీ కడుపులో మండేది అదే, వాడన్నందుకు కాదు, తను నమ్మినందుకు, ఆ గుర్రం మాట వాడు సంగీత పత్రికవాళ్లకి కూడా నవ్వుతూ చెప్పాడు, ఆ తరవాత ఏ బ్యాండు దగ్గరికెళ్లినా, ఓహో, ఆ గుర్రం నువ్వేనా, కూర్చో కూర్చో, నీళ్లు తాగుతావా గడ్డి తింటావా, అని నవ్వులు, తనూ నవ్వేది, ఏం చేస్తుంది, ఇంటికొచ్చి టక్ టక్‌మని వేగం చూపే మెట్రొనోమ్ పెట్టుకుని వేళ్లు బొబ్బలెక్కేదాకా వాయించేది, వేగం నిలబడేది, ఇంట్లో ఎప్పుడూ నిలబడేది, ఇంట్లో నిలబడ్డది వేదిక మీద ఎందుకు నిలవలేదో అంతుపట్టక, చివరికి తన చేతుల మీద తనకే అసహ్యం పుట్టి, డ్రమ్ములు అమ్మేసి ఈ డెస్క్ దగ్గరకొచ్చి పడింది, పగ మాత్రం అమ్మలేదు, దాన్ని కొనేవాడెవడు.

డెక్లన్ పొగరుగా వచ్చుంటే బాగుండేది, పని తేలికయ్యేది, వెధవ టోపీ తీసి మరీ వచ్చాడు, మీరే కదా ఆ మొదటి రికార్డు వాయించింది, అది వినే నేను డ్రమ్స్ పట్టుకున్నాను, మీ గొణుగుడు నాకు ఇప్పటికీ రాదండీ, ఎంత మెల్లగా కొట్టినా ఇటుకే పడుతుంది, అన్నాడు, అవునా అంది తను వైర్లు చుట్టుకుంటూ, ఒకటి అడగనా, ఆ ఏడోది అంత తేలిగ్గా ఎలా వదిలేసేవారు మీరు, నేను వదల్లేను, వదిలానో ఇక, అని ఏదో చెప్పబోయి, ఫెర్గస్ ఇటు రావడం చూసి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు, వెన్న రాస్తున్నాడు, మీట ఎవరి చేతిలో ఉందో వాడికీ తెలుసు, అయినా ఏడోది తేలిగ్గా వదలడం వీడికేం తెలుసు, అది మెర్వ్ నేర్పిన విద్య, కార్ఖానా బ్యాండులో కవాతు డ్రమ్ము వాయించిన ముసలాయన, అంకెలొద్దే అమ్మాయ్, అంకెలకి రుచుండదు, ఊళ్లు చెప్పు అనేవాడు, అయిదు కావాలంటే కల్గూర్లీ డాప్టో, ఏడు కావాలంటే కల్గూర్లీ వాగా వాగా, ఆ చివరి గా ఉంది చూశావూ, మెల్లగా అను ఫరవాలేదు, కానీ పూర్తిగా అను, ఊరి పేరు తోక కోశావంటే ఆ ఊరివాళ్లు బస్సెక్కి వచ్చి తంతారు, తను పకపకా నవ్వేది, కల్గూర్లీ వాగా వాగా, స్కూలుకి నడుస్తూ, పళ్లు తోముకుంటూ, నాన్న శవపేటిక వెనకాల నడుస్తూ కూడా, ఆ తోక తను ఎన్నడూ కొయ్యలేదు, కోసినట్టు ఒక్కసారి కూడా గుర్తులేదు, మరి ఎలా పరిగెత్తింది.

ఇదిగో వచ్చింది మూడో పాట, హెడ్‌ఫోన్స్ సరిచేసుకుని ఎడమ చెవికి ఫెర్గస్ గిటారు, కుడి చెవికి డెక్లన్ డ్రమ్స్ పెట్టుకుంది, వాడు పడిపోవడం శుభ్రంగా వినాలి, ఒక్క ముక్క కూడా పోకూడదు, పాటగాడు పక్కకి తప్పుకున్నాడు, బేస్ ఆగింది, కల్గూర్లీ వాగా వాగా, కల్గూర్లీ వాగా వాగా, గోడ లేస్తోంది, ఇటుక ఇటుక ఇటుక, ఏడోది దబ్బున, లాగేసింది, ఫేడర్ అడుగుదాకా, డెక్లన్ తల చటుక్కున లేచింది, చూపు తిన్నగా డెస్క్ మీదికి, తన వేలి మీదికి, తను చూపు తిప్పుకోలేదు, చూడరా చూడు, నేనే, ఆ పీట మీద చెయ్యి వదిలేస్తే ఎలా ఉంటుందో నువ్వూ చూడు, వాడి మొహంలో కోపం రాలేదు, భయం వచ్చింది, ఏడోది ఇంకా గట్టిగా దించాడు, ఇంకా గట్టిగా, మేకు దిగ్గొట్టినట్టు, ఒక వరస నిలబడింది, రెండోదీ నిలబడింది, మూడోదాంట్లో సడలింది, అదిగో, అదిగో పరుగు, ముందు వరసలో ఊగే తలలు తడబడ్డాయి, పరిగెడుతున్నాడు, వీడూ పరిగెడుతున్నాడు, ఒళ్లంతా చల్లబడింది ఆమెకి, ఇన్నేళ్ల మంట మీద ఎవరో బక్కెట్టుతో నీళ్లు కుమ్మరించినట్టు, ఇప్పుడు చెప్పండ్రా గుర్రం ఎవరో.

అయితే చెవులు ఊరుకోవు కదా, జన్మంతా దెబ్బలు విన్న చెవులు, మనసు పండగ చేసుకుంటుంటే అవి మాత్రం తమ పని తాము చేసుకుపోతున్నాయి, ఎడమ చెవి ముందు, కుడి చెవి వెనక, మళ్లీ ఎడమ ముందు, కుడి వెనక, ఏమిటిది, పరిగెత్తేవాడు ముందుండాలి కదా, డెక్లన్ ముందు లేడు, వెంట్రుకవాసి వెనక ఉన్నాడు, వాణ్ణెవరో జుట్టు పట్టుకుని లాక్కెళ్తున్నారు, గిటారు ఒక్కటీ పెట్టుకుని విన్నది, కల్గూర్లీ వాగా వాగ్, కల్గూర్లీ వాగా వాగ్, తోక లేదు, ఏడోది పూర్తికాకముందే కొరికేసి మళ్లీ మొదటికొస్తున్నాడు ఫెర్గస్, కళ్లు మూసుకుని, పారవశ్యంతో, ఎడమ బూటు మడమ నేలకేసి కొడుతూ, ఆ మడమ కూడా ముందే పడుతోంది, అప్పుడు తెలిసింది ఆ పొడుచుకొచ్చిన ఇటుక ఎందుకో, అది రుచి తెలియక కాదు, అది పలుపు, ప్రతి వరస చివరా ఫెర్గస్‌ని గుంజకి కట్టేస్తున్నాడు ఆ కుర్రాడు, వదిలానో ఇక అని మింగేసిన మాట ఇదన్నమాట, తను అదే చోట పసిపిల్ల పక్కన తాకినట్టు తాకేది, ఆ మెత్తని చోటు తొక్కుకుంటూ వాడు ముందుకి దూకేవాడు, దూకినవాణ్ణి ఒంటరిగా వదల్లేక తను వెనకాల ఉరికేది, పబ్బుల్లో ఆ రోజుల్లో చెవిలో ఏమీ ఉండేవి కావు, వాడి స్పీకరు హోరులో తన దెబ్బ తనకే వినబడేది కాదు, జనానికి వినబడింది వేగం పెరగడం ఒక్కటే, వేగం డ్రమ్మరు పూచీ కదా, తప్పెవరి మీద పడుతుంది, ఆడలేక మద్దెల ఓడు అన్నాడు వాడు, ఆ మద్దెల, బుద్ధిలేని మద్దెల, అవును కాబోలు నేను ఓడునే అని ఇన్నేళ్లు మూలన కూర్చుంది.

ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, జింక్ క్రీము కళ్లలోకి కారింది, ముందు ఆ కుర్రాడి చెయ్యి మళ్లీ పట్టుకుంది, ఫేడర్ పైకి, వాడు టక్‌మన్న చప్పుడు అందుకుని ఒక్క వరసలో గోడని తన చోటికి జరుపుకున్నాడు, ఇటు చూడలేదు, పనిలో ఉన్నాడు, మంచి పనివాడు, అప్పుడు ఆమె వేలు మెల్లగా పక్క వరసకి జరిగింది, అక్కడ టేపు మీద తన చేత్తోనే రాసుకున్న పేరు, ఫెర్గస్, క్లిక్ మీట అడుగున పడుంది, వద్దన్నాడుగా, రక్తంలో ఉందన్నాడుగా, ఉంటే మంచిదే, ఇదేం చేస్తుంది, రక్తంలో ఉన్నదానికే తోడవుతుంది, పైకి జరిపింది, చెవి నొప్పెట్టేంత కాదు, తప్పించుకోడానికి వీల్లేనంత, టక్, ఫెర్గస్ కళ్లు తెరుచుకున్నాయి, మడమ గాల్లో ఆగిపోయింది, టక్, చెయ్యి తీగల మీద పడాల్సిన చోట పడలేదు, గిటారు ఒక వరస మొత్తం మూగబోయింది, టక్ టక్, ఎక్కడ దిగాలో తెలియక స్కిప్పింగ్ తాడు ముందు నిలబడ్డ పిల్లాడిలా ఊగుతున్నాడు, ముందు వరసలో ఎవరో ఈల వేశారు, ఒరేయ్ నిద్రపోయావా అని ఇంకెవరో అరిచారు, డెక్లన్ గోడ మాత్రం ఆగలేదు, ఫెర్గస్ తల తిప్పి డెస్క్ వైపు చూశాడు, ఏంటే ఇది అన్నట్టు, ఎర్రగా, తను కూడా చూసింది, పెదాలతో చెప్పింది, వినబడకపోయినా వాడు చదువుకునేలా, కల్గూర్లీ, వాగా వాగా, ఆ చివరి గా మెల్లగా, పూర్తిగా, తోక కొయ్యకుండా, వాడికి అర్థమైందో లేదో తెలియదు, కాకపోయినా ఫరవాలేదని మొదటిసారి అనిపించింది, వేలు మీట మీంచి తీసేసి జీన్స్ ప్యాంటుకి తుడుచుకుంది, వేళ్లు వాటంతటవే డెస్క్ అంచు మీద గొణగడం మొదలుపెట్టాయి, ఒక్కటీ ముందు పడలేదు, ఒక్కటీ వెనక పడలేదు, ఆనాడూ పడలేదు, పరిగెత్తింది నేను కాదు.