అన్న తెచ్చిన ఏడో తరగతి

ఆ ఏడు శనక్కాయ పండలేదు గానీ, పశువుల మేతకు వేసే ఆ చెట్ల కట్టె వామి మాత్రం ఏపుగా లేచింది. దాని మీద నుంచి పడి, ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఆశ్రిత కాలు విరగ్గొట్టుకుంది. పరీక్షల దాకా నడవకూడదన్నారు.

"ఆడపిల్లకు ఒక ఏడు పోతే ఏమైతాది? ఇంట్లోనే ఉంటాది లే" అంది మా అత్త బయమ్మ.

నాకు ఒళ్ళు మండింది. మా ఊళ్ళో ఒక ఏడు మానేసిన ఆడపిల్ల మళ్ళీ బడి మెట్లెక్కిన పాపాన పోలేదు. ఇంట్లో నేనే చదివిస్తానన్నాను.

అన్నాను సరే, పుస్తకాలేవి? బడిలో ఇద్దరికి ఒకటే ఇచ్చారు. మాది ఇంకో పిల్ల దగ్గర ఉంది. పక్కూళ్ళో ఉన్న ఆ బడికే పోతే గంగాధరప్ప సార్, "నా దగ్గర ఉండేది ఒకటే తల్లీ, దినామూ పాఠం చెప్పల్ల" అన్నాడు. పరీక్షకు పంపుతాడట, అదీ ముందు తానొచ్చి పిల్లను అడిగి చూశాకే. కళ్యాణదుర్గం అంగట్లో గైడ్లు తప్ప లేవు. "జవాబులన్నీ ఉండాయి కదమ్మా, పాఠం ఎవురు చదువుతారిప్పుడు?" అని అంగడివాడు నన్నే వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు.

చివరికి కర్ణాటకలో పావగడ దగ్గరున్న పుట్టింటికి కబురు పెట్టాను. మా అన్న బసప్ప లెక్కలు, సైన్సు పుస్తకాలు చంకలో పెట్టుకుని వచ్చాడు. విప్పి చూస్తే అన్నీ కన్నడం. గోరుచుట్టు మీద రోకటి పోటు.

"ఏమన్నా ఇది? ఈడ పరీక్ష తెలుగులో కదా."

"నువ్వు పది దాకా చదివింది కన్నడంలోనే కదమ్మా. పిల్లకు చెప్పేది నువ్వా, నేనా? నీకొచ్చేదే తెచ్చినా."

నిజంగానే నేను తెలుగు కూడబలుక్కుని చదువుతాను. మర్నాటి నుంచి కన్నడంలో చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. అత్త పక్కనే కూర్చుని చింతపండు గింజ తీసేది. పిల్ల తెలివిని నా తిక్క పుస్తకాలతో చెడగొడుతున్నానేమోనని రోజూ భయమే.

భయపడ్డట్టే అయింది. గంగాధరప్ప సార్ వచ్చి, చెట్టు ఆహారం ఎట్లా చేసుకుంటుందో చెప్పమన్నాడు. పిల్ల ఆకు, ఎండ, నీళ్ళు అంతా చక్కగా చెప్పింది. పేర్లు మాత్రం కన్నడంలో చెప్పింది.

"ఈ పేర్లు రాస్తే సున్నా చుడతారు. ఇట్లయితే నేను పంపలేను" అన్నాడు సార్.

అత్త చేతిలో గింజ కింద పడేసింది.

"పాప చెప్పింది తప్పా సారూ?"

"తప్పు కాదవ్వా, పేర్లే..."

"పేర్లే కదా. ఆదివారం నీకు బడి లేదు. ఆ పొద్దు నీ పుస్తకం ఇయ్యి, పేర్లు ఎక్కించుకుంటారు. నేనే వచ్చి తీసుకపోతా, నేనే తెచ్చిస్తా. ఇయ్యకపోతే పిల్లను మంచంతో సహా తెచ్చి నీ బడిలో దింపుతా."

సార్ ఒప్పుకుని లేచాడు. ఆయన గడప దాటగానే ఇన్నాళ్ళ కోపం పట్టలేక అడిగేశాను.

"ఒక ఏడు పోతే ఏమైతాదని నువ్వే అంటివి కదత్తా."

"అంటి" అంది అత్త చింతపండు ముందుకు లాక్కుంటూ. "అప్పుడు పాఠం యాడ విన్నా? ఇప్పుడు సగంలో నిలిపితే, మిగిలింది నాకు ఎవురు చెప్తారు?"