దోసెడు నీళ్లు ఆపే రింగు

నేను ఒక రబ్బరు రింగుని. సినిమావాళ్ల కారవాన్‌లో, అంటే షూటింగ్ నుంచి షూటింగ్‌కి తిరిగే ఆ చక్రాల గదిలో, టాయిలెట్ గిన్నె అడుగున ఉంటాను. ముక్కు చిట్లించకండి. నా పైన దోసెడు నీళ్లు, నా కింద చీకటి ట్యాంకు. నీళ్లు కిందికి జారకుండా, కింది వాసన పైకి రాకుండా చూడడమే నా ఉద్యోగం. పని లేనప్పుడు నీళ్ల అడుగు నుంచి పైకి చూస్తూ పడుకుంటాను. పైకప్పులోని చిన్న కిటికీ నీళ్లలో వణుకుతూ కనిపిస్తుంది. అందులోంచి ఒక మబ్బు వెళ్తే, నా ఒంటి మీదుగానే వెళ్లినట్టుంటుంది.

ఎక్కడో వానలు కురిసే కొండల్లో చెట్టు పాలుగా ఉన్నానని లీలగా గుర్తు. తర్వాత ఒక వేడి అచ్చులో పడి గుండ్రంగా లేచాను. నన్ను మేకుకు తగిలించిన కొట్టుకు ఎదురుగా గాజుల దుకాణం ఉండేది. నన్ను కూడా ఎవరో ఒకరు చేతికి తొడుక్కుంటారని చాలాకాలం కలలు కన్నాను. చివరికి ఇక్కడ తొడిగారు.

మొదట్లో ఈ కారవాన్ ఒక హీరో గారిది. సినిమా రిలీజు రోజున ఆయన కటౌట్‌కు జనం పాలు పోస్తారట. నాకు ఆయన వేరే వైపు నుంచి పరిచయం. లోపలికి వచ్చినప్పుడల్లా సన్నగా పాడుకునేవారు. శ్రుతి తప్పేది కానీ, నీళ్లలోంచి వింటే ఏ పాటైనా తీయగానే ఉంటుంది.

మా డ్రైవర్ మల్సూరు. చెప్పులు కిందే విడిచి బండెక్కే మనిషి. శుభ్రమంటే పొడిగా ఉండడమని అతని నమ్మకం. హీరో గారు దిగీ దిగగానే వచ్చి, గిన్నెలో నిలిచిన నీళ్లన్నీ వదిలేసి, చుక్క మిగలకుండా గుడ్డతో తుడిచేవాడు. ప్రేమతోనే తుడిచేవాడు పాపం. కానీ నాకు నీళ్లే ప్రాణం. ఎండిపోయాను, బిగుసుకుపోయాను. దానికి తోడు వెళ్లిన ప్రతిచోటా బోరు నీళ్లు. ఆ ఉప్పు గార నా అంచు కింద పేరుకుపోయింది. ఒకరోజు నీళ్లు నా పక్కనుంచి జారిపోయాయి, కింది వాసన పైకి లేచింది. మల్సూరు ఇంకా గట్టిగా తుడిచాడు. నేను ఇంకా ఎక్కువ కారాను.

హీరో గారు ముక్కు మూసుకుని దిగిపోయారు. ఆయనకు కొత్త కారవాన్ వచ్చింది. వికారాబాద్ వైపు షూటింగ్‌లో మమ్మల్ని ఒక మూలకు నెట్టేసి, ఆడ జూనియర్ ఆర్టిస్టులు బట్టలు మార్చుకోవడానికి వాడుకోమన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ చక్రపాణి.

వాళ్లలో పెద్దది సైదమ్మ. తెర మీద గుంపులో నిలబడి కళ్లొత్తుకునే ముసలమ్మ వేషాలు ఆమెవి. షుగరు మనిషి. కంపుకు జడిసి మా టాయిలెట్ తలుపు ఎవరూ తీసేవారు కాదు. బయటంతా బండరాళ్లే, చాటుకు ఒక్క పొద లేదు. నలుగురు చీర అడ్డం పట్టుకుంటే మధ్యలో ఒకరు కూర్చోవాలి. చుట్టూ లైట్లవాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు. ఆ బాధకు ఓర్వలేక ఆ ఆడవాళ్లు పొద్దుటినుంచి గొంతు తడుపుకోవడమే మానేసేవారు. ఒక మధ్యాహ్నం సైదమ్మ ఎండలో కళ్లు తిరిగి పడిపోయింది. మోసుకొచ్చి మా బండిలో పడుకోబెట్టారు. కళ్లు తెరవగానే ఆమె అడిగింది, ఆ టాయిలెట్ తలుపుకు గడియ ఉందా అని.

"గడియున్నది గానీ అక్కా, వాసన. ఎంత తుడిచినా కారుడు ఆగుతలేదు," అన్నాడు మల్సూరు, తలెత్తలేక.

"వాసనకు ముక్కు మూసుకోవచ్చు తమ్ముడూ. మానానికి ఏం మూసుకోమంటావ్?"

వెళ్లొచ్చి, చెంబెడు నీళ్లు గిన్నెలో అలాగే ఉంచింది. మల్సూరు గుడ్డ పట్టుకుని రాబోతే కసిరింది. "ఏందయ్యా ఆ తుడవడం? కాసిని నీళ్లుండనీ."

ఎన్నాళ్లకో నా ఒళ్లు తడిసింది. ఆ సాయంత్రానికి కాస్త మెత్తబడ్డాను, నీళ్లు జారడం నెమ్మదించింది. మల్సూరు గిన్నె ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. మర్నాడు స్క్రూలు విప్పి నన్ను బయటికి తీశాడు. నేను కూర్చునే గాడి నిండా తెల్లటి గార. ఇత్తడి బిందెకు పట్టే గారే కదా అని సైదమ్మ వంటవాళ్ల దగ్గర చింతపండు అడిగి తెచ్చింది. పాత టూత్‌బ్రష్షుతో ఇద్దరూ కలిసి గాడినీ నన్నూ రుద్దారు. తర్వాత నన్ను బకెట్టు నీళ్లలో నానవేసి ఆరుబయట పెట్టారు.

ఆ రోజు ఆకాశం మొత్తాన్నీ చూశాను. కొంగలు నా మీదుగా ఎగిరాయి. ఎవరో "యాక్షన్" అన్నారు, ఎవరో "కట్" అన్నారు. నేను మాత్రం నీళ్లలో ఊగుతూ మళ్లీ చెట్టు పాలైపోయాననుకున్నాను.

తిరిగి బిగించి నీళ్లు పోశారు. ఆడవాళ్లంతా తలుపు దగ్గర మూగి చూశారు. నీళ్లు కదల్లేదు. వాసన లేదు. ఒకమ్మాయి పకపకా నవ్వింది, వెంటనే బాటిలెత్తి గటగటా తాగేసింది. అప్పటినుంచి మా బండి ముందు ఖాళీ బాటిళ్లు పోగుపడసాగాయి. "వాడినంక దోసెడు నీళ్లు వదలండక్కా," అని మల్సూరే అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

అంతలో చక్రపాణి వచ్చాడు. మెట్ల కిందే ఆగాడు.

"ఏమయ్యా మల్సూరూ, హీరో గారి కొత్త బండిలో ఏసీ పోయింది. ఆయన మళ్లీ ఇందులోకి వస్తానంటున్నారు. ఆ కారడం, ఆ కంపు ఆగాయా?"

అప్పుడే లోపలికి వచ్చిన సైదమ్మ గడియ మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. నాకు గుండె లేదు కానీ, ఉంటే ఆగిపోయేదే. నన్ను బాగుచేసినందుకు మల్సూరు ఎంత మురిసిపోయాడో నాకు తెలుసు. ఒక్క మాట చెబితే శభాష్ అనిపించుకుంటాడు.

"ఆగలే సార్," అన్నాడు మల్సూరు. "ఇంకింత ఎక్కువైంది."

చక్రపాణి వెంటనే జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. లేని వాసన ఆయనకు బాగానే తగిలినట్టుంది. "ముష్టి రబ్బరు రింగు బాగుచేసుకోలేవు, నువ్వేం డ్రైవర్‌వయ్యా! బండి ఇంత గలీజుగా ఉంచుకుంటారా?" అని తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

శుభ్రం విషయంలో ఎవరు మాటన్నా పడని మనిషి, తల వంచుకుని నిలబడ్డాడు. నేను ఒక్క చుక్క కూడా కారడం లేదు. అయినా కారుతున్నానని, కంపు కొడుతున్నానని ఆ పూటకల్లా యూనిట్ అంతా చెప్పుకున్నారు. ఇంత చెడ్డపేరు మోస్తూ ఇంత సంతోషంగా ఉన్న వస్తువును మీరు ఎక్కడా చూసి ఉండరు.

సైదమ్మ నెమ్మదిగా గడియ వేసుకుంది.