అక్కను ‘అండీ’ అన్న వారం

వారం వారం రేడియోలో రాజకీయాలు, షేర్లు, సినిమాలు, కొత్త ఫోన్ల గురించి గంటసేపు గలగలా మాట్లాడే వ్యాఖ్యాతకు సొంత అక్కతో మూడేళ్లుగా మాటల్లేవు. బావ పార్టీ మారినప్పుడు ఆయన్ని ఆ రేడియోలోనే ఎగతాళి చేశాడు మరి.

ఆ ఆదివారం సినిమాల వంతు వచ్చినప్పుడు శ్రోతగా ఫోన్ చేసింది అక్కే. గొంతు వినగానే గుర్తుపట్టాడు.

“చిన్నప్పుడు ఓ పులి సినిమాకెళ్లామండీ. పులి వచ్చినప్పుడల్లా మా తమ్ముడు నా ఒళ్లో కూర్చుని నా చెయ్యే కొరికేవాడు. వాడికి గుర్తుందో లేదో...”

అద్దం అవతల ఇంజనీరు గడియారం చూపించాడు. మనిషికి నలభై సెకన్లే అన్న నియమం తను పెట్టిందే.

“మంచి జ్ఞాపకమండీ. ధన్యవాదాలండీ,” అని మీట నొక్కేసి, కొత్త ఫోన్ల సంగతి ఎత్తుకున్నాడు.

బయటికొచ్చాక ఇంజనీరు నవ్వాడు. “మీరు కట్ చేస్తుంటే ఆవిడ ‘ఒరేయ్, ఆగరా’ అంది సార్! మిమ్మల్ని ఒరేయ్ అనే అభిమాని కూడా ఉందన్నమాట.”

ఎన్నిసార్లు చేసినా అక్క ఫోన్ ఎత్తలేదు. మరుసటి వారం అతను ఆ నియమం తీసేశాడు. ఎవరెవరో తీరిగ్గా మాట్లాడారు. ఫోన్ మోగిన ప్రతిసారీ “చెప్పక్కా” అనబోయి, అవతలి గొంతు విన్నాక “చెప్పండి” అన్నాడు.