గొడుగు కింద మంచం

గల్ఫ్‌లో, ఖబూరా కూలీల క్యాంపులో రఘుపతి మంచానికి సరిగ్గా పైన ఏసీ కారుతుంది. నడి ఎండాకాలం. మొదట చెంబు పెట్టుకున్నాడు, నిద్రలో తన్నేశాడు. తర్వాత బజారుకు పోయి ఒక పూల గొడుగు తెచ్చాడు. దాన్ని మంచం కమ్మికి కట్టుకుని కింద పడుకునేవాడు. గొడుగు చిన్నది, కాళ్లు తడిసేవి. దగ్గు పట్టుకుంది. పొడి పక్క మీద ఒక్క నిద్ర తప్ప అతనికి ఇంకేం అక్కరలేదు.

"క్యాంపు బాస్‌కు చెప్పరాదె అన్నా," అన్నాడు పక్క మంచం అంజి.

"నువ్వు చెప్పు."

"నా మీద కారుతలేదు గద."

రఘుపతి నోరు మెదపకపోవడానికి కారణం ఉంది. పక్క రూమువాళ్లు ఏసీ చప్పుడు చేస్తోందని చెప్పుకున్నారు. ఆఫీసువాళ్లు వచ్చి రిపేరుకని విప్పుకుపోయారు. చప్పుడైతే పోయింది. ఏసీ మళ్లీ రాలేదు. ఇప్పుడు వాళ్లు తడి లుంగీలు కప్పుకుని పడుకుంటున్నారు.

ఇంతలో అదే రూములో ఉండే సురేందర్, గొడుగు అంచు నుంచి నీళ్లు జారేచోట పెయింటు డబ్బా పెట్టి పుదీనా నాటాడు. బయట గడ్డిపోచ మొలవదు, లోపల పుదీనా గుబురుగా లేచింది. రోజూ పచ్చడే. ఇక ఆ కారడం ఆగాలని రఘుపతికి తప్ప ఎవరికీ లేదు.

శుక్రవారం క్యాంపు బాస్ సమీయుల్లా రూములు చూడటానికి వచ్చాడు. అంతకుముందే అందరూ కలిసి గొడుగు ముడిచి, డబ్బా మంచం కిందికి తోశారు. ఇవాళ చెప్పి తీరాలని రఘుపతి పొద్దుటి నుంచీ నోట్లో మాట నానబెట్టుకుంటున్నాడు. సమీయుల్లా వచ్చి అతని మంచం మీదే కూర్చున్నాడు.

"కోయీ ప్రాబ్లం?"

"నహీ సాబ్." అందరికంటే రఘుపతి గొంతే గట్టిగా వినిపించింది.

సమీయుల్లా బట్టతల మీద చుక్క పడింది. ఆయన పైకి చూడలేదు. చూస్తే ఆఫీసుకు చెప్పాలి, చెబితే ఇన్నాళ్లూ ఏం చేశావంటారు. ఇంకో చుక్క ముక్కు మీదుగా జారింది. రఘుపతి మెల్లగా గొడుగు విప్పి ఆయనకు పట్టాడు.

"శుక్రియా," అన్నాడాయన, ఎండలో నడుస్తున్న మనిషిలా. "రూం బహుత్ అచ్ఛా."

మర్నాడు ఆయన రఘుపతికి చెట్టంత గొడుగు పంపించాడు. దాని కింద కాళ్లు కూడా తడవలేదు. ఎన్నాళ్లకో ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు, దగ్గు తగ్గింది. కాని నీళ్లన్నీ గోడవైపు జారిపోయి పుదీనా వాడిపోయింది.

క్యాంపుకు వచ్చిన నాటి నుంచి ఎవరితో ఏదీ చెప్పుకోని సురేందర్, లుంగీ ఎగ్గట్టి సరాసరి క్యాంపు బాస్ దగ్గరికి పోయాడు. సాయంత్రానికల్లా ఆయన పంపిన మనిషి వచ్చి పెద్ద గొడుగు పట్టుకుపోయాడు.

రఘుపతి మళ్లీ పూల గొడుగు కట్టుకున్నాడు. కొన్నాళ్లకు పుదీనా చిగిర్చింది. సురేందర్ పచ్చడి నూరి గిన్నె అతని ముందు పెట్టాడు.

"చూసినవా అన్నా, చెప్తే పనైతది. మీరు ఊకె భయపడుతరు."

"ఔ తమ్మీ," అన్నాడు రఘుపతి, తడి కాళ్లు ముడుచుకుంటూ.

పచ్చడిలో ఉప్పు లేదు. ఆ సంగతి అతను చెప్పలేదు.