ఉత్తరంలో కొట్టేయని వాక్యం

"కాలరు దగ్గర ముడత ఉంది చూడు. ఎయిర్‌పోర్టులో రోజూ వెయ్యిమంది చూస్తారు నన్ను," అన్నాడు ఆల్టన్, కాఫీ తాగుతూ. ఇస్త్రీపెట్టె మళ్ళీ కాలరు మీదికి తెచ్చాను. జీతం రాక నాలుగో వారం. జీతం రాని ఉద్యోగానికి కూడా చొక్కా ఇస్త్రీ ఉండాలన్నమాట. వాషింగ్టన్‌లో పెద్దలు బడ్జెట్ దగ్గర పోట్లాడుకుని ప్రభుత్వానికి తాళం వేశారు. అక్కర్లేదనుకున్న ఉద్యోగుల్ని ఇంట్లో కూర్చోమన్నారు, అత్యవసరం అనుకున్నవాళ్ళని జీతం లేకుండా పనికి రమ్మన్నారు. ప్రయాణికుల సంచులు తనిఖీ చేసే మా ఆయన అత్యవసరం. తాళం తీశాక ఆగిన జీతమంతా ఇచ్చి తీరాలని చట్టం ఉంది. ఈలోగా ఉద్యోగి జీతం జమయ్యే ఖాతా మీద వడ్డీ లేని అప్పు ఇస్తామంది బ్యాంకు. అది తెచ్చి కరెంటుకీ కారుకీ కట్టేశాం. అద్దె మిగిలిపోయింది.

ఉద్యోగుల కుటుంబాలకి ఉచితంగా సరుకులిస్తున్నారంటే ఆల్టన్ గుర్తింపు కార్డు నకలు పట్టుకుని వెళ్ళాను. గంటన్నర వరసలో నిలబడ్డాక బల్ల దగ్గరున్నావిడ కార్డు చూసి, నన్ను చూసి, "ఉద్యోగి మీరేనా?" అంది.

"మా ఆయన."

"ఆయనే రావాలమ్మా. రూలు."

"ఆయన పనిలో ఉన్నారండీ."

"ఒక్కపూట సెలవు పెట్టి రమ్మనండి."

"సెలవు పెడితే ఉద్యోగం పోతుందండీ. ఉద్యోగం పోతే మీ రూలు ప్రకారం సరుకులు రావు."

ఆవిడ రూలు మీద, నా మీద సమానంగా జాలిపడి, ఒక క్యాబేజీ చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి దాన్ని తరుగుతుంటే మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "క్యాబేజీ ఒక్కటేనా? గంటన్నర వెళ్ళావు!" అన్నారు. ఆవిడ ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసి రిటైరయ్యారు. మంచి గవర్నమెంటు ఉద్యోగం అన్న మాట ఆవిడ నోట ప్రార్థనలా వస్తుంది. "జీతం లేకుండా నా కొడుకు చాకిరీ చేస్తున్నాడు. మొహం అలా పెట్టుకోకుండా కాస్త నవ్వుతూ వడ్డించు," అన్నారు. జీతం లేని చాకిరీ అంటే ఇంత గౌరవం ఉంటుందని పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళుగా నాకెవరూ చెప్పలేదు.

ఆ రాత్రి గిన్నెలు కడిగాక ఉత్తరాలు రాయడానికి కూర్చున్నాను. అప్పులవాళ్ళకీ ఇంటివాళ్ళకీ ఎలా రాసుకోవాలో ప్రభుత్వమే నమూనాలిచ్చింది. ఖాళీల్లో పేర్లు నింపుకోవడమే. రాసేదాన్ని నేను, సంతకం ఆల్టన్‌ది. ఇంటావిడ మిసెస్ టిల్మన్‌కి రాసినదాంట్లో మధ్యలో ఒక వాక్యం ఉంది: "అద్దెలో కొంత భాగానికి బదులుగా రంగులు వేయడం, వడ్రంగం వంటి పనులు చేసిపెట్టగలను." అవసరం లేనివాళ్ళు కొట్టేసుకోవాలి. కాలేజీలో నాలుగేళ్ళు సాహిత్యం చదివినదాన్ని, అనవసరమైన వాక్యం కొట్టేయడం నాకు రాక కాదు. నిద్రమత్తులో చూసుకోలేదు.

రెండోనాడు మిసెస్ టిల్మన్ ఫోన్ చేసింది. "ఆల్టన్‌ని రేపు పొద్దున్నే పంపు. వెనక వీధిలో నా ఇల్లు ఖాళీగా ఉంది. మూడు గదులూ, మెట్లూ. అది శుభ్రంగా రంగులేస్తే రెండు నెలలు అద్దె ఊసెత్తను. లేదంటావా, నేనూ బ్యాంకుకి కట్టుకోవాల్సినదాన్నే. మీ వాటా ఇంకొకరికి ఇచ్చుకోవాలి."

"పది గంటలు నిలబడొచ్చి రంగులు కూడా వెయ్యనా?" అన్నాడు ఆల్టన్. "ఆ ముక్క రాసింది నువ్వు. పైగా ఇంట్లోనే ఉంటావుగా."

ఇంట్లోనే ఉంటాను. పిల్లల్ని బడికి పంపి, అత్తగారికి మందులిచ్చి, ఆల్టన్ పాత ప్యాంటు తొడుక్కుని వెనక వీధికి నడిచాను. గోడలు గీకడం, పగుళ్ళకి పుట్టీ పెట్టడం, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దడం, అంచులకి టేపు అంటించడం. మొదటి రోజు మెడ తిప్పలేకపోయాను. మధ్యాహ్నం వచ్చి బడి నుంచి పిల్లల్ని తీసుకురావడం, వంట, మళ్ళీ చొక్కా ఇస్త్రీ మామూలే. మూడోరోజు మిసెస్ టిల్మన్ వచ్చి బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

"ఆల్టన్ ఈమధ్య పొట్టివాడయ్యాడే," అంది నన్ను ఎగాదిగా చూసి.

"జీతం రాక చిక్కిపోయాడండీ," అన్నాను, నిచ్చెన మీంచి.

ఆవిడ నవ్వు ఆపుకుంది. ఆపుకుని, "మెట్ల కటకటాలు వెనకవైపు కూడా వెయ్యి. నేను వేళ్ళు పెట్టి చూస్తాను," అంది. చూసింది కూడా. పదహారు రోజులకి ఇల్లు పూర్తయింది. రెండు నెలల అద్దె పని రూపంలో ముట్టినట్టు ఆల్టన్ పేరున రసీదు ఇచ్చింది. అద్దె ఒప్పందం ఆయన పేరున ఉంది మరి. ఇల్లు నిలబడింది. నేను మాత్రం రెండు రోజులు నడుం వంచలేక నిలబడే అన్నీ చేశాను.

తర్వాతి వారం తాళం తీశారు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రభుత్వోద్యోగులందరినీ లేచి నిలబడమన్నారు. ఆల్టన్ నిలబడ్డాడు. "జీతం లేకపోయినా పని మానని మనుషులు!" అన్నారు పాస్టరుగారు. చర్చి దద్దరిల్లింది. "చప్పట్లు కొట్టు," అని అత్తగారు మోచేత్తో పొడిచారు. కొట్టాను. గోళ్ళ సందుల్లో ఇంకా తెల్లరంగు ఉంది.

బయట మెట్ల దగ్గర మిసెస్ టిల్మన్ ఎదురొచ్చింది. "ఆల్టన్ బాబూ, ఎంత పనితనం నీది! కిటికీల అంచులు అంత సూటిగా ఎలా తీశావు?"

ఆల్టన్ ఒక్క క్షణం నా వైపు చూశాడు. "ఏదో, ఓపిగ్గా చెయ్యడమేనండీ," అన్నాడు.

మిసెస్ టిల్మన్ కూడా నా వైపే చూసింది. "ఇంకో రెండిళ్ళున్నాయి. ఈసారి అద్దె గొడవ లేదు, పనికి డబ్బిస్తాను, ప్రతి శుక్రవారం చెక్కు. సోమవారం ఏడింటికి రావాలి. ఎవరు తీశారో ఆ అంచులు, వాళ్ళే రావాలి," అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది.

కారెక్కాక నాకు పోట్లాడే ఓపిక కూడా లేదు.

"ఆగిన జీతం బుధవారం పడుతుంది," అన్నాడు ఆల్టన్, కారు తీస్తూ. "ఇంక నీకా పనెందుకు? సోమవారం నా డ్యూటీ ఐదింటికి. పిల్లల్నెవరు చూస్తారు? అమ్మ మందులు?"

ఇన్ని వారాల్లో అతను 'ఎప్పుడిస్తారు' అని రోజూ అడిగాడు. 'ఇస్తారా' అని ఒక్కరోజూ అడగలేదు. అడగనక్కర్లేదు, అతనికి చట్టముంది. నేను ఈ రెండు ప్రశ్నల్లో ఏదీ, ఎవర్నీ, ఎన్నడూ అడగలేదు.

"సోమవారం ఏడింటికి వెళ్తున్నాను," అన్నాను.

"రొవీనా, ఎంతొస్తుందని? వచ్చినా ఏముంది, మన ఖాతాలో వేస్తే పోలా?" మన ఖాతా అంటే అతనిది. అద్దంలోంచి వెనక సీటు కేసి చూశాడు. "నువ్వైనా చెప్పమ్మా."

అత్తగారు చేతిసంచి ఒళ్ళో సర్దుకున్నారు. కిటికీలోంచి బయటికి చూస్తూనే, "నా ముప్పై ఏళ్ళ జీతమూ మీ నాన్న ఖాతాలోనే పడింది," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "రేపు పని నుంచి రాగానే బ్యాంకుకి వెళ్ళి నీ పేరున ఖాతా తెరువు అమ్మాయ్. నేనూ వస్తాను."