ఆపిన తర్వాత విన్న మాట

నేను ఒక టేపురికార్డరును. జపానులో పుట్టాను, ఇంగ్లండులో మాటలు మేశాను. నా చెవుల పదును మీకు తెలియదు. గోడ అవతల చీమ తుమ్మితే నా ముల్లు ఉలిక్కిపడేది. నల్లి దగ్గిందంటే సగం టేపు దానికే ఖర్చయ్యేది. నమ్మకపోతే మీ ఖర్మ. ఇంతకంటే పెద్ద అబద్ధాన్ని టీవీలో చూసి ఒక దేశం దేశమే నమ్మింది. ఆ మంట ఇంకా ఆరలేదు కాబట్టే నోరు తెరిచాను.

నన్ను కొన్నది నూర్‌బాషా హుసేనమ్మ. వినుకొండ దగ్గర దూదేకే ఇంట పుట్టి, ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలైన మనిషి. మతం పేరు చెప్పి రాజ్యం కట్టాలనే ఇస్లామిస్టు గుంపులు పడమటి దేశాల్లో కుర్రవాళ్ళను ఎలా లాగుతాయి, లోపలికి పోయినవాళ్ళు ఎలా బయటపడతారు, ఇదీ ఆమె పరిశోధన. జీవితమంతా దానికే ధారపోసింది. ఆ గుంపులవాళ్ళు ఆమెను మతం అమ్ముకున్నదన్నారు. ముస్లిములందర్నీ ఓడెక్కించి పంపేయాలనే తెల్లవాళ్ళు ఆమె కూడా ఆ గుంపుల మనిషేనన్నారు. ఇరువైపుల తిట్లూ నా కడుపులోనే పడ్డాయి. రుచిలో పిసరంత తేడా లేదు.

ఆమెకొక పద్ధతి ఉండేది. నన్ను బల్లమీద పెట్టి, మీటలు ఎదుటివాళ్ళ చేతికే వదిలేసేది. ఆపాలనిపిస్తే వాళ్ళే ఆపాలి. ఆపిన తర్వాత అన్న మాట ఆమె రాయదు, ఎవరికీ చెప్పదు. అసలు సరుకంతా అప్పుడే కదా రాలేది! తోటి పండితులు వెనక చేరి నవ్వుకునేవారు.

ఒకనాడు సఫియా బీ ఇంటికి వెళ్ళాం. కడప నుంచి పెళ్ళై వచ్చి, మిల్లు కార్మికుడైన భర్తను పోగొట్టుకుని, ఒక్కగానొక్క కొడుకు తాహిర్‌ను పెంచిన తల్లి ఆమె. తాహిర్ బడిపిల్లల బస్సు నడిపేవాడు. కుర్రతనంలో ఒక గుంపులో చేరి బయటికొచ్చాడు.

"ఏం చిన్నమ్మా, దీనిగ్గూడా టీ పొయ్యాల్నా?" అంటూ నా వీపు తట్టాడు.

"వద్దు నాయనా, మాట తడబడుద్ది," అంది హుసేనమ్మ.

తల్లితో కడప మాట, నాతో ఇంగ్లీషు. అతను నాతో అన్నదాన్ని తెలుగు చేసి చెబుతున్నాను: "నాకొక్క స్నేహితుడూ లేని ఏడాది, వాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టారు. వాళ్ళ గురువు ఏం చెప్పినా నిజమే అనిపించేది. జనం చచ్చినా తప్పులేదనుకున్నాను. ఇప్పుడది తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది."

అక్కడ ఆపు మీట నొక్కాడు.

టేపు ఆగుతుంది గాని నా చెవులు ఆగుతాయా? ఆ గురువు చచ్చాడు, గుంపు చెదిరింది, తల్లీకొడుకులు ఎవరికీ అందనంత దూరం వెళ్ళిపోయారు. కాబట్టి ఆపాక అతను అన్నది మీతో చెప్పొచ్చు. ఆ గురువు రైల్లో బాంబు పెట్టించబోతుంటే పోలీసులకు పట్టించింది తాహిరే. అప్పట్లో ఆ సంగతి బయటపడితే తల్లీకొడుకుల ప్రాణాలు దక్కేవి కావు.

ఒక టీవీ చానెల్‌వాళ్ళు ఆ టేపు అడిగారు. ముక్క తీయకుండా వినిపిస్తామంటేనే తాహిర్ ఒప్పుకున్నాడు. వాళ్ళు ప్రసారం చేసిందేమిటో తెలుసా? "జనం చచ్చినా తప్పులేదు." అంతే! 'అనుకున్నాను' లేదు, ఉమ్ముకోవడం లేదు. కోడిని కోసేవాడు కూడా కాస్త జాలిగా కోస్తాడు. గొంతు గుర్తుపట్టి మర్నాడే బడివాళ్ళు తాహిర్ దగ్గర బస్సు తాళాలు లాక్కున్నారు.

హుసేనమ్మ చానెల్‌కు ఫోన్ చేస్తే టైము చాలలేదన్నారు. "సబ్బుల ప్రకటనలకు చాలిందిగా నీ టైము, సచ్చినోడా!" అందామె, అచ్చ తెలుగులో. అవతలి ఫోను కమిలిపోయే ఉంటుంది.

తాహిర్ ఉద్యోగం తేల్చడానికి బడిలో పెద్దలు కూర్చున్నారు. హుసేనమ్మ నన్ను వాళ్ళ ముందు పెట్టి, మొత్తం వినిపించింది. మీట చప్పుడుతో మాట తెగింది. పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని, "మారానని ఎవరైనా అంటారు. రుజువు కావాలి. ఆపాక ఏమన్నాడు?" అని అడిగాడు.

హుసేనమ్మ తాహిర్ వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. సఫియా బీ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నా లోపల చక్రాలు పళ్ళు కొరికాయి. ఆ రైల్లో ఎన్ని ప్రాణాలు కాపాడాడో చెప్పవే అని అరిచాను. నా అరుపు ఎవరికి వినపడుతుంది?

"చెప్పను," అంది హుసేనమ్మ. "చెప్పనని మాటిచ్చాను."

ఉద్యోగం పోయింది.

గేటు బయట సఫియా బీ ఆమెను పట్టుకుని కుదిపేసింది. "చెప్పింటే జన్మలో నీ మొగం చూసేదాన్ని కాదు హుసేనమ్మా. చెప్పలేదు, అయినా కోపం తగ్గలే. ఎవురి మింద చూపియ్యాల దీన్ని?"

"నా మీదే చూపించక్కా. ఆ టీవీవోళ్ళు దొరకరు."

ఏళ్ళు గడిచాయి. విశ్వవిద్యాలయంవాళ్ళు నన్ను అద్దాల బీరువాలో పెట్టి, కింద చీటీ అంటించారు: 'తీవ్రవాదుల గొంతులు పట్టిన యంత్రం.' జుట్టు నెరిసిన హుసేనమ్మ వచ్చి చదివింది. ఆ బీరువా బాగోగులు చూసే కుర్రవాడు కంగారుపడి, "పోనీ, 'మాజీ' అని చేరుద్దామా మేడం?" అన్నాడు.

"పిల్లల బస్సు నడిపిన మనిషి గొంతు అని రాస్తావా?"

"అది చూడ్డానికి ఎవరొస్తారు మేడం?"

హుసేనమ్మ అద్దం తలుపు లాగి, చీటీని గోళ్ళతో పీకి, పరపరా చించి సంచిలో కుక్కుకుంది. మళ్ళీ అంటించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇప్పుడు వచ్చేపోయేవాళ్ళు నన్ను చూసి, ఎవరిదో పాత రేడియో అనుకుని వెళ్ళిపోతారు.

అనుకోనీ.