అరువు తూటాలు

గ్రీన్‌కార్డు వచ్చిన నెల తిరక్కుండానే మా ఆయన రివాల్వర్ కొన్నారు. అమెరికాలోని ఈ నోవై ఊళ్లో మాకు శత్రువులెవరూ లేరు, మంచు తప్ప.

"త్రీ ఫిఫ్టీ సెవెన్ తీసుకున్నా త్రివేణీ! దీంట్లో థర్టీ ఎయిట్ తూటాలు కూడా పడతాయి తెలుసా? లావు ఒకటే, పొడుగులోనే తేడా," అని మురిసిపోయారు. ఒకటి కొంటే రెండు పనులంటే చాలు, మా ఫణి గారు ఏనుగునైనా కొనేస్తారు.

మా వీధి చివర విశ్వనాథం గారుంటారు. మా ఆయనకు ఆఫీసులో సీనియర్. మేం ఈ ఊరొచ్చిన కొత్తలో ఎయిర్‌పోర్టుకొచ్చి సామాన్లు మోసి, ఇల్లు దొరికేదాకా వాళ్లింట్లోనే పెట్టుకున్న మనిషి. ఆయన దగ్గరున్నది థర్టీ ఎయిట్ తుపాకీ. కాల్చేసిన ఇత్తడి తొడుగులు ఏరి తెచ్చుకుని, కడిగి, మళ్లీ మందు పోసి, గుండు బిగించి, తూటాలు బేస్‌మెంట్‌లో తనే తయారు చేసుకుంటారు.

2013లో తూటాలకు కరువొచ్చింది. కొట్లలో అరలు బోసిపోయాయి. గురి చూసి కాల్చే రేంజికి వెళ్లినప్పుడల్లా మా ఆయన చెయ్యి విశ్వనాథం గారి డబ్బాలోకి వెళ్లడం మొదలైంది. ఆయన తూటాలు ఈయన తుపాకీలో చక్కగా పడతాయి. ఈయనకు ఎప్పుడైనా దొరికేవి పొడుగువి, అవి ఆయన తుపాకీలో పట్టవు. అంచేత ఇచ్చే చెయ్యి ఎప్పుడూ ఆయనదే, పుచ్చుకునేది ఈయనదే. సిగ్గుతో నేను పులిహోర చేసి పంపేదాన్ని. ఒకసారి గిన్నె తిరిగిస్తూ వాళ్లావిడ గిరిజ గారు, "మావారి చేతి తూటాలంటే ఫణి గారికి మహా ఇష్టంలా ఉందే!" అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే మా ఆయన్ని పట్టుకున్నాను. "మీరూ థర్టీ ఎయిట్ చేసి ఆయనకివ్వండి. లేకపోతే ఈ వీధిలో నేను తలెత్తుకు తిరగలేను."

అన్నదే తడవు, తూటాలు బిగించే ప్రెస్ మిషను వచ్చింది. ఆదివారం పొద్దున్నే బేస్‌మెంట్‌లో దాని పిడి నొక్కుతూ, స్కైప్‌లో వాళ్లమ్మతో కబుర్లు.

"ఏంట్రా ఆ చప్పుడు?" అంటున్నారు మా అత్తగారు.

"త్రివేణి జంతికలు ఒత్తుతోందమ్మా," అంటున్నారీయన.

నేనేమో మా అబ్బాయి కోసం మెట్ల మీంచి, "రోహన్‌కి సాకర్ టైమైంది, డ్రాప్ చెయ్యాలి!" అని కేక. ఆ గోలలోనే డబ్బా నిండిపోయింది.

శనివారం రేంజికి నేనూ వెళ్లాను. మా ఆయన పెళ్లికి చదివింపులు ఇచ్చినంత వినయంగా డబ్బా అందించారు. విశ్వనాథం గారి మొహం మాడిపోయింది.

"ఏమీ అనుకోకు ఫణీ. ఒకరు చేసినవి ఇంకొకరు కాల్చకూడదయ్యా. మందు పాళ్లలో తేడా వస్తే తుపాకీ చేతిలోనే పేలుద్ది. రీలోడింగ్ చేసే ఎవర్నైనా అడుగు, ఇదే రూలు."

"మరి ఇన్నాళ్లూ నేను మీవి కాల్చాను కదండీ?"

"అది నా తప్పే. నువ్వడిగితే కాదనలేకపోయా."

నాకు ఒళ్లు మండిపోయింది. "మా ఇంటి పులిహోర తిన్నప్పుడు లేదా అన్నయ్యగారూ ఈ రూలు?" అనేశాను.

మా ఆయన డబ్బా మూత పెట్టేశారు. నోరు జారినందుకు నాకు ఏడుపొచ్చింది. మా సామాన్లు మోసిన అన్నలాంటి మనిషి. ఇవాళ ఇలా వెళ్లిపోతే మళ్లీ వాళ్ల గుమ్మం ఎక్కగలమా?

విశ్వనాథం గారే దిగొచ్చారు. "సరే, ఓ పని చెయ్యి. ముందు నువ్వు కాల్చు. తర్వాత నేనూ కాలుస్తా. సరేనా?"

మా ఆయన రొమ్ము విరుచుకుని తన తూటాలు తన తుపాకీలో పెట్టుకున్నారు. వెళ్లి నిలబడ్డారు. తుపాకీ ఎత్తారు. దించారు. కళ్లజోడు తుడుచుకున్నారు. మళ్లీ ఎత్తి, మళ్లీ దించి, తూటాలన్నీ తీసేసి నా దగ్గరికొచ్చారు.

"త్రివేణీ, ఆ రోజు నేను అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే సాకర్ అని అరిచావే, నేను మందు పోశాక అరిచావా, పొయ్యకముందా?"

"నాకేం తెలుసండీ! నేను మెట్ల మీదున్నాను."

"పోసిందాంట్లోనే మళ్లీ పోశానేమోనే..."

"ఏ తూటాలో?"

"అదే తెలిస్తే ఇంకేం!"

డబ్బా వంక ఇద్దరం చూశాం. అన్నీ ఒక్కలాగే మెరుస్తున్నాయి. మా ఆయన నేల చూపులు చూస్తూ, "విశ్వనాథం గారూ, మీవి ఓ ఆరు ఇస్తారా?" అన్నారు.

విశ్వనాథం గారు బెంచీ పట్టుకుని నవ్వారు. కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వి, తన డబ్బా మొత్తం మా ఆయన ముందుకు తోశారు.

"ఇవాళ్టికి తీసుకో. అదే ఆఖరు. రేపు నీ డబ్బా పట్టుకుని మా ఇంటికి రా, అన్నీ విప్పేసి మొదట్నుంచీ చేయిస్తా. వచ్చేటప్పుడు మాత్రం ఫోనూ పెళ్లాన్నీ ఇంట్లో వదిలేసి రా!"

ఆ మాటకి నాకు కోపం రావాలి. రాలేదు. హమ్మయ్య, రేపు రమ్మన్నారు, అనుకున్నాను.